బరంపురం వైపు నుంచి ఓడ ప్రయాణం: రేట్లు ఇంత పెరిగాక తక్కువలో ఎలా వెళ్లాలి?

పట్టుచీరల పట్నం, బరంపురం

అందరికీ నమస్కారం. వచ్చే ఏడాది మా నాన్నగారికి షష్టిపూర్తి. హోమం, భోజనాలు ఇంటి దగ్గరే చేసేసి, ఆ తర్వాత అమ్మానాన్నల్ని క్రూజ్ అనే విహార ఓడెక్కించాలని నా కోరిక. చిన్నప్పుడు మమ్మల్ని గోపాల్‌పూర్ తీసుకెళ్లి దూరంగా పోయే ఓడల్ని చూపించి, అది ఏ దేశం పోతోందో తనే ఊహించి చెప్పేవారు. ఆయన మాత్రం ఇంతవరకూ ఓడెక్కలేదు. మేం మొత్తం ఆరుగురం. అమ్మ, నాన్న, నేను, మా ఆవిడ, ఇద్దరు చిన్నపిల్లలు.

నిరుడు చూసి రాసిపెట్టుకున్న రేటుకీ ఇప్పటి రేటుకీ చాలా తేడా ఉంది. ఓడే కాదు, పూరీలో హోటల్ గది, గోవా విమానం టికెట్ అన్నీ అలాగే ఉన్నాయి, కాబట్టి ఎక్కడికెళ్లినా ఖర్చు తప్పదని తెలుసు. నాకు తెలియాల్సింది ఏంటంటే, ప్రకటనలో కనిపించే రేటుకి నిజంగా టికెట్ వస్తుందా? విశాఖ, చెన్నై, ముంబయి, వీటిలో మన వైపు వాళ్లకి ఏది కలిసొస్తుంది? ముందే బుక్ చెయ్యాలా, ఆఖర్లో తగ్గుతుందా? తెలిసినవాళ్లు వివరంగా రాయండి, ఎంత పొడుగైనా చదువుతాను.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్, ఛత్రపురం

మొదటి ప్రశ్నకి జవాబు, రాదు. ప్రకటనలో ఉండేది ఒక మనిషి రేటు, అదీ ఒక గదిలో ఇద్దరు ఉంటే, అదీ కిటికీ లేని గదికి, అదీ వారం మధ్యలో బయల్దేరే ఓడకి. దాని మీద పోర్ట్ చార్జీలు, సర్వీస్ చార్జీ, జీఎస్టీ పడతాయి. అందుకే నేను ఎవరికైనా చెప్పేది ఒక్కటే, వెబ్‌సైట్‌లో ఆరుగురి వయసులూ కొట్టి, గది ఎంచుకుని, కార్డు నంబర్ అడిగే పేజీ దాకా వెళ్లండి. అక్కడ కనిపించే మొత్తాన్ని రాసుకోండి. ఆ అంకెనే పక్క తేదీతో, పక్క ఓడతో పోల్చాలి. ముందు పేజీలోని అంకెలు పోల్చుకుంటే లాభం లేదు, ఒకరు పన్ను కలిపి చూపిస్తారు, ఇంకొకరు కలపకుండా చూపిస్తారు.

ఇక పోర్ట్ సంగతి. మనకి విశాఖ సొంతూరు లాంటిది, పొద్దున బండెక్కితే మధ్యాహ్నానికి అక్కడుంటాం. కానీ విశాఖ నుంచి ఓడ ఏడాది పొడవునా ఉండదు. కార్డీలియా అనే క్రూజ్ కంపెనీ వాళ్ల ఎంప్రెస్ ఓడ 2022 జూన్‌లో విశాఖకి వచ్చింది, 2025లో కూడా విశాఖ, పుదుచ్చేరి, చెన్నై మధ్య తిప్పారు. వర్షాకాలంలో అరేబియా సముద్రం గట్టిగా ఉంటుంది, అప్పుడు ముంబయి వైపు నుంచి ఇటు తూర్పు తీరానికి తెస్తారు. మిగతా ఏడాదంతా ముంబయి, గోవా, కొచ్చి, లక్షద్వీప్. కాబట్టి విశాఖ కావాలంటే జూన్, జులై మీద కన్నేసి ఉంచాలి, ఏ ఏటి తేదీలు ఆ ఏడే ప్రకటిస్తారు.

ముంబయి అంటే మన కోణార్క్ రైలుంది, బరంపురంలో ఎక్కితే నేరుగా ముంబయి సీఎస్‌ఎంటీ స్టేషన్, అక్కడి నుంచి ఓడెక్కే బల్లార్డ్ పియర్ ట్యాక్సీలో దగ్గరే. కానీ ఒకటిన్నర రోజు ప్రయాణం, రానూపోనూ ఆరుగురికి ఏసీ టికెట్లు, పైగా ఓడ బయల్దేరే ముందురోజు అక్కడ గది. ఇవన్నీ కూడితే ఓడలో తగ్గించుకున్నది రైల్లో పోతుంది.

మహేంద్రగిరి, పర్లాకిమిడి

బాబూ, మీ ఆలోచన చాలా బాగుంది. మా తాతగారి తరంలో గోపాల్‌పూర్ నుంచి రంగూన్ ఓడలుండేవి, మన గంజాం, శ్రీకాకుళం వాళ్లు వేలమంది కూలికీ కొలువుకీ అలా వెళ్లారు. అప్పట్లో కడుపు కోసం ఎక్కిన ఓడ, ఇప్పుడు తండ్రి సంతోషం కోసం కొడుకు ఎక్కిస్తున్నాడంటే నాకు నిజంగా ఆనందంగా ఉంది.

తేదీల గురించి ఒక్క మాట. దసరా సెలవులు కదా అని అక్టోబర్ మాత్రం పెట్టుకోవద్దు. ఫైలిన్ తుఫాను గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది 2013 అక్టోబర్ 12న. హుద్‌హుద్ విశాఖని ఊడ్చేసింది 2014 అక్టోబర్ 12న. తిత్లీ పలాస దగ్గర దాటి మా గజపతి జిల్లాలో కొండచరియల్ని విరగ్గొట్టింది 2018 అక్టోబర్ 11న. మూడూ ఒకే వారం. ఆ వారంలోనే సెలవులని రేటు కూడా ఎక్కువ ఉంటుంది. ఎక్కువ డబ్బు కట్టి, రోజూ వాతావరణ వార్తలు చూసుకుంటూ టెన్షన్ పడటం దేనికి? మే నెలలో కూడా తుఫాన్లు వస్తాయి, 2019లో ఫణి పూరీ దగ్గర దాటింది మే 3నే.

ఓడలో కొలువు, గోపాల్‌పూర్

అన్నా, నేను విదేశీ క్రూజ్ కంపెనీలో గదులు సర్దే పని చేస్తాను, ఇప్పుడు కాంట్రాక్ట్ అయిపోయి ఇంటికొచ్చాను. లోపలి నుంచి చూసింది చెప్తాను.

తక్కువ ధరకి మొదటి దారి గది. ఓడలో అందరూ తినేది ఒకే తిండి, చూసేది ఒకే షో, నడిచేది ఒకే డెక్. తేడా అంతా నిద్రపోయే చోటే. లోపలి గది అంటే కిటికీ ఉండదు, దాన్ని ఇంటీరియర్ అంటారు, అన్నిటికంటే చవక. ఆ తర్వాత కిటికీ ఉన్నది, ఆ తర్వాత బాల్కనీ. మూడు నాలుగు రాత్రుల ప్రయాణానికి బాల్కనీ దండగ అని నా అభిప్రాయం, ఎందుకంటే గాలి కావాలంటే పై డెక్ ఉంది, అక్కడ కుర్చీ ఎవరైనా వేసుకోవచ్చు.

రెండోది, ఒక గదిలో ముగ్గురు నలుగురు. మొదటి ఇద్దరికీ పూర్తి రేటు, మూడో మనిషికీ నాలుగో మనిషికీ బాగా తగ్గుతుంది. మీరూ వదినా పిల్లలూ ఒక గది, అమ్మానాన్నలకి ఇంకో గది తీసుకోండి. మూడు గదులు వద్దు. నలుగురి గది ఎలా ఉంటుందంటే, కింద రెండు మంచాలు, పగలు చూస్తే పైన ఏమీ కనిపించదు, గోడే అనిపిస్తుంది. రాత్రి మా లాంటివాడు వచ్చి తాళంతో పైనున్న పలకని కిందికి దించితే అదే మంచం అవుతుంది, దానికి చిన్న నిచ్చెన తగిలిస్తాం, పక్కకి దొర్లిపోకుండా అడ్డు పట్టీ ఉంటుంది. పిల్లలకి అది మహా సరదా. పెద్దవాళ్లని మాత్రం పైన పడుకోబెట్టకండి. పెట్టెలు లోపలికి రాగానే మంచం కిందికి తోసేస్తే నడవడానికి చోటుంటుంది, లేదంటే నలుగురూ ఒకేసారి నిలబడలేరు.

మూడోది, గ్యారంటీ గది. అంటే రకం మీరు ఎంచుకుంటారు, ఏ నంబర్ గది ఇస్తారో కంపెనీ ఇష్టం. కొంచెం తగ్గుతుంది. కానీ మీ విషయంలో నేను వద్దంటాను, మీ రెండు గదులు ఒకటి ముందు, ఇంకోటి వెనక పడితే అమ్మానాన్నలకి కష్టం.

రేట్లు ఎందుకు పెరిగాయని చాలామంది అడుగుతారు. 2020లో కరోనాతో క్రూజ్ ఓడలన్నీ ఆగిపోయినప్పుడు కంపెనీలు అప్పులు చేసి నిలబడ్డాయి, ఇప్పుడు జనం వస్తున్నారు, గదులు నిండుతున్నాయి, నిండే గదిని ఎవరూ తగ్గించరు. అదే 2020 జనవరి నుంచి ఓడల ఇంధనంలో గంధకం 3.5 శాతం నుంచి 0.5 శాతానికి తగ్గించాలని ప్రపంచమంతా నియమం వచ్చింది, ఆ నూనె ఖరీదు ఎక్కువ. మనకైతే రూపాయి తగ్గడం కూడా కలిసింది.

జయపురం లెక్కలు, జయపురం

తమ్ముడు చెప్పిందంతా బావుంది. ఒక సందేహం. ఖాళీ గదితో ఓడ వెళ్తే కంపెనీకి నష్టమే కదా, మరి ఆఖరి రెండు వారాల్లో పడేసినట్టు అమ్ముతారని ఎక్కడ చూసినా రాస్తారు. అలాంటప్పుడు ముందే కట్టడం ఎందుకు?

ఓడలో కొలువు, గోపాల్‌పూర్

అమ్ముతారన్నా, నిజమే. కానీ ఆఖర్లో మిగిలేది ఒకటీ అరా గదులు. నలుగురు పట్టే గదులు ప్రతి ఓడలోనూ కొన్నే ఉంటాయి, పిల్లలున్న కుటుంబాలు వాటినే ముందు పట్టుకుపోతాయి. పోర్ట్ ఉన్న ఊళ్లో ఉండే ఇద్దరు భార్యాభర్తలైతే ఆఖరిదాకా ఆగొచ్చు, బ్యాగ్ సర్దుకుని ఆటో ఎక్కితే చాలు. బరంపురం నుంచి ఆరుగురితో, అందులో ఇద్దరు పెద్దవాళ్లతో వెళ్లే మనిషి ఆగకూడదు.

ఇంకో పద్ధతి ఉంది. ముందు బుక్ చేసి, పూర్తి డబ్బు కట్టాల్సిన గడువు దాకా రేటు చూస్తూ ఉండటం. విదేశీ కంపెనీల్లో ఆ గడువు ప్రయాణానికి రెండు మూడు నెలల ముందు ఉంటుంది. ఈలోగా అదే గది రేటు తగ్గితే ఫోన్ చేసి కొత్త రేటు ఇమ్మని అడగొచ్చు, చాలా కంపెనీలు ఇస్తాయి. అడగనివాళ్లకి వాళ్లంతట వాళ్లు ఇవ్వరు. మన దేశంలో తిరిగే ఓడకైతే క్యాన్సిలేషన్ షరతులు చదివాకే అడ్వాన్స్ కట్టండి.

కోణార్క్ ఎక్స్‌ప్రెస్, ఛత్రపురం

రైలు టికెట్లు 2024 నవంబర్ నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, ఇంతకుముందు 120 ఉండేది. కాబట్టి ఓడ తేదీ ముందు ఖాయం చేసుకోండి, రైలు ఆ తర్వాత. విశాఖలో ఎక్కే ఓడ చెన్నైలో దింపేసే ప్రయాణమైతే తిరుగు టికెట్ చెన్నై నుంచి తీసుకోవాలి, కోరమండల్ గానీ హౌరా మెయిల్ గానీ బరంపురంలో ఆగుతాయి. ఆ బండ్లకి ఎప్పుడూ రద్దీయే, టికెట్లు తెరిచిన రోజు పొద్దున్నే కూర్చోవాలి. ఇంకో సంగతి, ఒకవైపు ప్రయాణం చవకగా కనిపిస్తుంది గానీ చెన్నై నుంచి తిరుగు ఖర్చు కలిపి చూడండి.

మజ్జిగౌరమ్మ భక్తుడు, రాయగడ

క్రూజ్ క్రూజ్ అని అందరూ దాని వెంటే పడుతున్నారు. సముద్రం మీద వెళ్లడమే కావాలంటే అండమాన్ ఓడ ఉంది కదండీ. విశాఖ నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, ఇప్పుడు దాన్ని శ్రీ విజయపురం అంటున్నారు, ప్రభుత్వ ఓడ నడుస్తుంది. రెండున్నర రోజులు పడుతుంది, చుట్టూ నీళ్లు తప్ప ఏమీ కనిపించదు. బంక్ క్లాస్ టికెట్ క్రూజ్ రేట్లతో పోలిస్తే చాలా చవక, అంతకంటే సౌకర్యం కావాలంటే క్యాబిన్లు, డీలక్స్ క్యాబిన్లు ఉన్నాయి. డాక్టర్ ఉంటాడు, క్యాంటీన్ ఉంటుంది. చెన్నై, కోల్‌కతా నుంచి ఎక్కువ తిరుగుతాయి, విశాఖ నుంచి తక్కువసార్లే, సుమారు నెలకొకటి, తేదీలు ముందుగా ఖాయం కావు. అందుకే దానికి తిరిగొచ్చే రోజు పట్టుబట్టేవాళ్లు పనికిరారు, ఓపిక ఉన్నవాళ్లకే అది.

నేను వెళ్లాను. రాత్రి డెక్ మీద దుప్పటి పరుచుకుని కూర్చుంటే ఆకాశంలో ఇన్ని చుక్కలుంటాయా అనిపించింది, ఎక్కడా ఒక్క దీపం కనిపించదు. పోర్ట్ బ్లెయిర్‌లో దిగితే తెలుగువాళ్లే, శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు ఎంతమందో. భోజనం హోటల్లో పప్పుచారు అడిగితే పోస్తారు. ఒకవైపు ఓడ, తిరుగు ప్రయాణం విమానం పెట్టుకుంటే వారంలో తిరిగొచ్చేయొచ్చు.

గుణుపురం ఆడపడుచు, గుణుపురం

భక్తుడు అన్నయ్య గారూ, మీరు చెప్పింది కుర్రాళ్లకి బావుంటుంది. అరవయ్యేళ్ల ఆవిడని బంక్ క్లాస్‌లో పెద్ద హాల్లో అందరి మధ్యా పడుకోబెట్టి, ఉమ్మడి బాత్రూమ్‌కి వరసలో నిలబెట్టడం షష్టిపూర్తి కానుక అవుతుందా? నాన్నగారు ఓడెక్కితే చాలనుకోవచ్చు, అమ్మగారి సంగతి కూడా చూడాలి కదా. ఆమె ఇంట్లో వంట, పూజ, మనవల పని అన్నీ చేసి చేసి ఉంటారు, ఒక నాలుగు రోజులు ఎవరో వండి పెడితే తిని, తెల్లటి దుప్పటి మీద పడుకోవాలి. అండమాన్ ఓడ అయితే క్యాబినే తీసుకోవాలి, అప్పుడు ఆ రేటు కూడా మరీ చవకేం కాదు.

రెండో విషయం, ఒంటరిగా వెళ్లే ఆడవాళ్ల గురించి ఎవరూ మాట్లాడరు. నేను ఒక్కదాన్నే వెళ్దామని చూస్తే ఇద్దరి రేటు దాదాపు మొత్తం కట్టమన్నారు, ఎందుకంటే గది ఇద్దరికని లెక్క. ఇది అన్యాయం అనే అంటాను. టీచర్లు, నర్సులు, భర్త పోయినవాళ్లు, పెళ్లి వద్దనుకున్నవాళ్లు ఎంతోమంది సొంత డబ్బుతో వెళ్లాలనుకుంటారు. చివరికి మా స్కూల్లో ఇంకో టీచర్ వస్తానంటే ఇద్దరం కలిసి గది పంచుకున్నాం. ఒంటరిగా ఉన్నవాళ్లు ఇక్కడ చెప్పండి, గది పంచుకునే మనిషిని ముందే వెతుక్కుంటే ఖర్చు సగానికి వస్తుంది.

ఏజెంట్ల గురించి కూడా జాగ్రత్త. మా వైపు ఒక ఏజెంట్ ఫోన్‌లో ఒక రేటు చెప్పి, ప్రయాణం వారం ఉందనగా పోర్ట్ చార్జీలు వేరే అని మళ్లీ డబ్బు అడిగాడు. మేం గట్టిగా పట్టుబట్టి, మొదట వాట్సాప్‌లో అతను పంపిన మొత్తం చూపిస్తే తగ్గాడు. అందుకని రాతలో తీసుకోండి, అందులో అన్నీ కలిపి అనే మాట ఉండాలి. డబ్బు కట్టగానే కంపెనీ బుకింగ్ నంబర్ అడిగి, ఆ నంబర్‌ని కంపెనీకే ఫోన్ చేసి సరిచూసుకోండి, ఏజెంట్ ఇచ్చిన కాగితం చాలదు.

మజ్జిగౌరమ్మ భక్తుడు, రాయగడ

చెల్లెమ్మా, అమ్మగారి సంగతి మీరు అన్నది సబబే, ఒప్పుకుంటున్నాను. డీలక్స్ క్యాబిన్ అయితేనే తీసుకెళ్లండి. కానీ రేటు మాత్రం అప్పటికీ తక్కువే, దూరం చూడండి, 1,200 కిలోమీటర్లు పైమాటే.

బరంపురం బిడ్డ, డల్లాస్

నేను పుట్టింది బరంపురంలోనే, ఇప్పుడు డల్లాస్. అమెరికాలో పిల్లలున్నవాళ్లకి ఒక మాట చెప్పాలని వచ్చాను. అమ్మానాన్నలు ఎలాగూ ఆరు నెలలు ఇక్కడికి వస్తారు, అప్పుడే ఓడెక్కించండి. మేం టెక్సాస్ తీరంలో ఉన్న గాల్వెస్టన్ రేవు దాకా కారులో వెళ్లి ఎక్కాం, విమానం ఖర్చు లేదు. ఓడ మెక్సికోలో ఆగుతుంది, అమెరికా వీసా చెల్లుబాటులో ఉంటే మెక్సికోకి వేరే వీసా అక్కర్లేదు. కానీ అమెరికాలోకి మళ్లీ రావాలి కాబట్టి మల్టిపుల్ ఎంట్రీ వీసా, పాస్‌పోర్ట్ దగ్గరుంచుకోవాలి.

ఇక్కడ చవక తేదీలు బడి క్యాలెండర్‌ని బట్టి ఉంటాయి. సెప్టెంబర్‌లో బడులు తెరిచాక, థ్యాంక్స్ గివింగ్‌కీ క్రిస్మస్‌కీ మధ్య డిసెంబర్ మొదటి వారాల్లో, జనవరిలో కొత్త సంవత్సరం దాటాక తక్కువ ఉంటాయి. జూన్ నుంచి నవంబర్ దాకా హరికేన్ సీజన్, సెప్టెంబర్ రేట్లు తగ్గడానికి అదొక కారణం. పర్లాకిమిడి మాస్టారు చెప్పిన అక్టోబర్ లెక్కే ఇక్కడా. కాకపోతే ఇక్కడ ఓడ హరికేన్‌ని తప్పించుకుని వేరే దారిలో పోతుంది, ఒక ఊరు బదులు ఇంకో ఊళ్లో ఆపుతారు, అందుకని ఊరి మీద ఆశ పెట్టుకోకుండా ఓడ మీద పెట్టుకునేవాళ్లే సెప్టెంబర్ తీసుకోవాలి.

టిప్స్ మాత్రం మర్చిపోకండి. ఇక్కడి పెద్ద కంపెనీల్లో మనిషికి రోజుకి 16 నుంచి 20 డాలర్ల దాకా వేస్తారు, పసిపిల్లలకి తప్ప మిగతా పిల్లలకి కూడా. నలుగురు, ఐదు రోజులు, లెక్కేసుకోండి. ఆఖరి రాత్రి బిల్లులో అది చూసి మా మావయ్యగారు ఎవరికిచ్చామని ఇంత వేశారని అడిగారు.

ఓడలో కొలువు, గోపాల్‌పూర్

అక్కా, ఆ డబ్బు మా లాంటి వాళ్లకే వస్తుంది. మూల జీతం తక్కువ ఉంటుంది, టిప్స్ మీదే ఇల్లు గడిచేది. మా ఊళ్లవాళ్లు, అటు సోంపేట, కవిటి కుర్రాళ్లు చాలామంది ఈ ఓడల్లోనే ఉన్నారు, నెలల తరబడి వారానికి ఏడు రోజులూ పని. ఖర్చు తగ్గించుకోవడానికి కొంతమంది రిసెప్షన్‌కి వెళ్లి టిప్స్ తీయించేస్తారు. దయచేసి ఆ ఒక్క పని చెయ్యకండి. తగ్గించుకోవడానికి వేరే చాలా ఉన్నాయి. ఫొటోలు కొనకండి, మీ ఫోన్లో మీరే తీసుకోండి. వైఫై కొనకుండా నాలుగు రోజులు ఉండొచ్చు. డబ్బు కట్టే రెస్టారెంట్ జోలికి పోకండి, ఊరికే వచ్చే భోజనశాలలో అన్నీ దొరుకుతాయి. కూల్‌డ్రింకులకి కూడా బిల్లు పడుతుంది, పిల్లలకి ముందే చెప్పండి. గది కార్డు గీకితే డబ్బు కనిపించదు కదా, పిల్లలు గీకేస్తారు. పిల్లల కార్డులకి కొనే వీలు తీసేయమని ఎక్కిన రోజే రిసెప్షన్‌లో అడగొచ్చు. బిల్లు ఎంతైందో రోజూ గది టీవీలో గానీ రిసెప్షన్‌లో గానీ చూసుకోండి, ఆఖరి పొద్దున దిగే హడావిడిలో తప్పు పట్టుకోలేరు.

పట్టుచీరల పట్నం, బరంపురం

ఇంత వివరంగా రాసిన అందరికీ చాలా థాంక్స్. మా ఆవిడ కూడా పక్కన కూర్చుని మొత్తం చదివింది. గుణుపురం అక్క అమ్మ గురించి రాసింది మా ఇద్దరికీ మనసుకి తగిలింది, నేను నాన్న గురించే ఆలోచిస్తున్నాను, అమ్మ ఏమనుకుంటుందో ఆమెనే అడుగుతాను.

ఇంకో ప్రశ్న. మా బావమరిది సింగపూర్ క్రూజ్ చవక అంటున్నాడు, విశాఖ నుంచి విమానం నేరుగా ఉంది కదా అని. ఎవరైనా చూశారా?

జయపురం లెక్కలు, జయపురం

నేను చూశాను. విశాఖ నుంచి స్కూట్ కంపెనీ విమానం ఉంది, ముందుగా తీసుకుంటే దాని టికెట్ అందుబాటులోనే ఉంటుంది. సింగపూర్ నుంచి జెంటింగ్ డ్రీమ్ లాంటి ఓడలు రెండు మూడు రాత్రుల ప్రయాణాలు చేస్తాయి. శుక్రవారం బయల్దేరే వాటికి స్థానికులే ఎగబడతారు కాబట్టి ఎక్కువ, వారం మధ్యలో బయల్దేరే వాటికి తక్కువ. ఓడ రేటు ఒక్కటే చూస్తే నిజంగానే మన ముంబయి ఓడకి దగ్గర్లో ఉంటుంది, ఓడ కూడా పెద్దది, కొత్తది. మన ఎంప్రెస్ 1990లో నీళ్లలోకి దిగిన ఓడ, మొదట నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో రాయల్ కరీబియన్ దగ్గర తిరిగింది, 2021 సెప్టెంబర్ నుంచి ముంబయిలో మొదలెట్టారు.

కానీ ఆరుగురికి పాస్‌పోర్ట్‌లు, వీసాలు, ఎక్కే ముందు ఒక రాత్రి దిగాక ఒక రాత్రి సింగపూర్ హోటల్, అక్కడ గది రేట్లు మన గది రేట్లు కావు. ఓడ సింగపూర్ వదిలి మలేసియానో థాయిలాండో వెళ్లి తిరిగొస్తుంది, అందుకని సింగపూర్ వీసా మల్టిపుల్ ఎంట్రీ ఉండాలి, ఆగే దేశం నియమాలు వేరే చూసుకోవాలి. ఇక్కడ ఏజెంట్ దగ్గర విదేశీ ప్యాకేజీ కొంటే పైన టీసీఎస్ అని పన్ను ముందే పట్టుకుంటారు. అది పోయే డబ్బు కాదు, ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటు అవుతుంది, కానీ అప్పటిదాకా చేతిలోంచి వెళ్లినట్టే. ఎవరి పాన్ మీద పట్టారో ఆ మనిషే రిటర్న్ వెయ్యాలి, నాన్నగారి పేరున బుక్ చేసి ఆయన రిటర్న్ వెయ్యకపోతే చిక్కు. ఓడలో బిల్లు డాలర్లలో పడితే మామూలు క్రెడిట్ కార్డు మీద మూడున్నర శాతం దాకా మార్పిడి చార్జీ, దాని మీద జీఎస్టీ. ఆ చార్జీ లేని కార్డులు ఉన్నాయి, బ్యాంకులో అడగండి.

మొత్తం కూడి చూసుకుంటే ఇద్దరికైతే సింగపూర్ పర్వాలేదు, ఆరుగురికైతే విశాఖే.

మహేంద్రగిరి, పర్లాకిమిడి

పాస్‌పోర్ట్ అక్కర్లేని ఇంకో దారి చెప్తాను. లక్షద్వీప్. కొచ్చి నుంచి అక్కడి ప్రభుత్వ పర్యాటక సంస్థ సముద్రం అనే ప్యాకేజీ నడుపుతుంది, ఎం.వి. కవరత్తి ఓడలో. పగలు కవరత్తి, కల్పేని, మినికాయ్ దీవులు చూడటం, రాత్రి ఓడలో పడక. పర్మిట్ కావాలి. ఆ కవరత్తి ఓడని కట్టింది ఎక్కడో తెలుసా, మన విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో. ఏడు వందల మంది పట్టే ఓడ. నేను ఉద్యోగంలో ఉండగా పిల్లల్ని షిప్‌యార్డ్ చూపించడానికి తీసుకెళ్లేవాణ్ణి, ఆ ఓడ గురించి వింటే ఇప్పటికీ గర్వంగా ఉంటుంది. కాకపోతే మనకి కొచ్చి చాలా దూరం, వయసైనవాళ్లకి దీవుల్లో పెద్ద ఓడలోంచి చిన్న పడవలోకి దిగడం ఇబ్బంది. అందుకని మీకు వద్దు, చదివే కుర్రాళ్లు ఎవరైనా ఉంటే వెళ్లండి.

బరంపురం బిడ్డ, డల్లాస్

ఇంతదూరం దేనికి, ముందు రంభలో పడవెక్కి చిలికా తిప్పి చూడండి, అమ్మకి తల తిరుగుతుందో లేదో తెలుస్తుంది.

ఓడలో కొలువు, గోపాల్‌పూర్

సరస్సుకీ సముద్రానికీ పోలిక లేదక్కా, చిలికాలో ఏమీ కానివాళ్లకి కూడా బంగాళాఖాతంలో వాంతులవుతాయి, ముఖ్యంగా జూన్, జులైలో. అందుకే రేటు తగ్గిందని వర్షాకాలం ఎంచుకునేవాళ్లు గదిని ఓడ మధ్య భాగంలో, కింది డెక్‌లో తీసుకోవాలి, అక్కడ ఊపు తక్కువ. అదృష్టం ఏంటంటే ఆ గదులే చవక కూడా, పైకి వెళ్లేకొద్దీ రేటు పెరుగుతుంది. వాంతుల మాత్ర మీ డాక్టర్‌ని అడిగి, బీపీ షుగర్ మందులతో కలిపి వేసుకోవచ్చో లేదో కనుక్కుని, ఓడ కదలక ముందే వెయ్యాలి. ఓడలో డాక్టర్ ఫీజు ఎక్కువ, మందులు అన్నీ ఇంటి నుంచే తెచ్చుకోండి, చేతి సంచిలో పెట్టుకోండి, పెద్ద పెట్టెలు గదికి చేరేసరికి సాయంత్రం అవుతుంది.

పట్టుచీరల పట్నం, బరంపురం

అమ్మని అడిగాను. ఎక్కడికైనా సరే, నాలుగు రోజులు పొద్దున్నే లేవకూడదు, అంది. శాకాహారం దొరుకుతుందా అని మాత్రం అడిగింది, మన ఓడలో శాకాహారమూ జైన భోజనమూ ఉంటాయని చూశాను, సరేనంది.

మొత్తానికి మేం అనుకున్నది ఇది. జూన్ ఆఖర్లో గానీ జులైలో గానీ విశాఖ నుంచి ఓడ పడితే అదే, ఆంధ్రాలోనూ మన దగ్గరా బడులు తెరిచేసి ఉంటాయి కాబట్టి రద్దీ తక్కువ ఉంటుంది, పిల్లలు నాలుగు రోజులు బడి మానేస్తారు, హెడ్‌మాస్టర్ గారికి చెప్పుకుంటాం. వారం మధ్యలో బయల్దేరే తేదీ. రెండు లోపలి గదులు, పక్కపక్కనే, మధ్య భాగంలో. వచ్చే ఏడాది విశాఖకి ఓడ రాకపోతే అండమాన్ ఓడలో క్యాబిన్, తిరిగి విమానం. సింగపూర్ వద్దు. నాన్నకి మోకాళ్ల నొప్పి ఉంది, దానికి ఏమైనా ముందే చెప్పుకోవాలా తమ్ముడూ?

ఓడలో కొలువు, గోపాల్‌పూర్

చెప్పుకోవాలన్నా. బుకింగ్ అప్పుడే లిఫ్ట్‌కి దగ్గర గది అడగండి, దానికి అదనపు డబ్బు ఉండదు, ఖాళీ ఉంటే ఇస్తారు. బాత్రూమ్ గుమ్మం కొంచెం ఎత్తుగా ఉంటుంది, రాత్రిపూట కాలు తగులుతుంది, లోపలి గదిలో దీపం ఆర్పితే పూర్తి చీకటి కాబట్టి బాత్రూమ్ లైట్ వేసి తలుపు ఓరగా ఉంచమనండి. పోర్ట్‌లో వరసలో నిలబడలేకపోతే వీల్‌చైర్ ముందే అడగొచ్చు, మొహమాటపడకండి. ఒరిజినల్ గుర్తింపు కార్డులు అందరివీ, పిల్లలవి కూడా. ఓడ బయల్దేరే టైమ్‌కి చాలా ముందే చెకిన్ మూసేస్తారు, రైలు ఆలస్యమైందని ఎవరికోసమూ ఆగదు. ముందురోజు రాత్రికే విశాఖ చేరుకోండి.

పట్టుచీరల పట్నం, బరంపురం

అలాగే తమ్ముడూ. విశాఖలో మా పిన్ని వాళ్లున్నారు, ఆ రాత్రి వాళ్లింట్లో ఉంటాం. తేదీలు ప్రకటించగానే ఆఖరి పేజీలో వచ్చిన మొత్తం ఇక్కడే పెడతాను, మన వైపు నుంచి ఇంకెవరైనా అదే ఓడకి వస్తే చెప్పండి.